కొండపై చక్రాల ఇల్లు

స్థావరములని, జంగమములని పూర్వులు లోకమును రెండుగా పంచిరి. కొండ, చెట్టు, చెరువు, గృహము స్థావరములు. మనుష్యుడు, మృగము, పక్షి జంగమములు. ఇల్లు ఏ పక్షమునకు చెందవలెనో ఎవ్వరికిని సందేహము కలుగలేదు. పొరుగూరికి పోవువాడు ఇంటికి తాళము వేసి, తాళపుచెవిని మొలను దోపుకొని పోయెనే గాని, ఇంటినే వెంట తీసికొని పోవలెనని తలపోయలేదు. ఆ భాగ్యము నత్తకును తాబేటికిని మాత్రమే దక్కినది. మోటారు బండి పుట్టిన పిమ్మట మనుష్యుడు ఆ రెండింటితో పోటీకి దిగెను.

ఏడెనిమిది అడుగుల వెడల్పు, ఇరువదియైదు అడుగుల పొడవు గల ఒక బండిని ఊహించుకొనుడు. ముందు తోలువాని పీఠము. వెనుక పడకలు, పొయ్యి, అలమర, నీటి తొట్టి, స్నానపు గది, మరుగుదొడ్డి. పగటి వేళ భోజనపు బల్లయే రాత్రి వేళ మంచమగును. దీనిని పాశ్చాత్యులు 'మోటారు హోము' అందురు. మనము చక్రాల ఇల్లు అనుకొనిన చాలును. 1910లో అమెరికాలో పియర్సు-ఆరో కంపెనీవారు ఇట్టి బండి నొకదానిని న్యూయార్కు ప్రదర్శనలో పెట్టిరి. అందలి వెనుక ఆసనము పడకగా విప్పుకొనుటకు వీలుగా నుండెను. అది ధనవంతుల వేడుక. 1966లో అయోవా రాష్ట్రమున ఫారెస్టు సిటీ యను చిన్న ఊరిలో విన్నిబేగో కంపెనీవారు వీనిని వరుసగా తయారుచేయ నారంభించిన పిదప మధ్యతరగతి కుటుంబములకును ఈ వేడుక అందినది. ఈ నడుమ 1960లో నవలాకారుడు జాన్ స్టైన్‌బెక్ ఒక చిన్న లారీపై గది అమర్చుకొని, తన కుక్కను తోడు తీసికొని, దేశము చుట్టి వచ్చెను. ఆ బండికి ఆయన పెట్టిన పేరు రోసినాంటె. అది డాన్ క్విక్సోటు ఎక్కి తిరిగిన గుర్రము పేరు. ఆ యాత్రను గూర్చిన గ్రంథము 1962లో వెలువడినది. ఆ యేటనే ఆయనకు నోబెల్ బహుమానము వచ్చినది.

ఇట్టి ఇండ్లు వేసవిలో బారులు తీరు తావులలో కొలరాడో రాష్ట్రమందలి రాకీ పర్వత జాతీయ వనము ఒకటి. 1915లో ఏర్పడిన ఈ వనమును 2019లో 46 లక్షలమందికి పైగా దర్శించిరి. దీనికి దక్షిణముగా నున్న డెన్వరు నగరము సముద్రమట్టమునకు ఒక మైలు ఎత్తున నున్నది. అచ్చట ఉద్యోగములు చేయు తెలుగువారును ఉన్నారు. బడులకు సెలవులిచ్చు వేసవి నెలలలో వారి తల్లిదండ్రులు గుంటూరు నుండియో కరీంనగరు నుండియో వచ్చుట, చక్రాల ఇంటిని అద్దెకు పుచ్చుకొని ఇంటిల్లిపాదియు నాలుగు దినములు కొండపై గడపుట కలదు. అట్టి కుటుంబము నొకదానిని మనస్సున నుంచుకొని ఆ దినచర్యను పరికింతము. భార్యాభర్తలు, బడికి పోవు కొడుకు, కూతురు, గుంటూరు నుండి వచ్చిన నాయనమ్మ, మొత్తము ఐదుగురు.

లవ్‌లాండు పట్టణము దాటిన పిమ్మట దారి బిగ్ థాంప్సను అను ఏటి లోయలో ప్రవేశించును. ఇరుప్రక్కల నిటారుగా లేచిన రాతిగోడలు. నడుమ బండల మీదుగా గలగలలాడుచు పారు చిన్న ఏరు. దాని నంటి దారి. దారి ప్రక్కన అక్కడక్కడ ఒక పలక కనబడును. గట్టు నెక్కుచున్న మనిషి బొమ్మ, వరద వచ్చినచో పైకెక్కి ప్రాణము దక్కించుకొనుడను హెచ్చరిక. ఇంత చిన్న ఏటికి ఇంత భయమేలయని పిల్లవాడు అడుగును. మలుపులు త్రిప్పుటలో నిమగ్నుడైన తండ్రి తరువాత చెప్పెదననును. మనమును ఆ కథను తరువాతనే చెప్పుకొందము.

నీటి లెక్క

లోయ దాటి 7,522 అడుగుల ఎత్తున నున్న ఎస్టెస్ పార్కు అను ఊరు చేరి, అచ్చటి నుండి వనములో ప్రవేశించి, ఎనిమిది వేల అడుగుల ఎత్తున పైను చెట్ల నడుమ కేటాయించిన జాగాలో బండి నిలిపినారనుకొందము. దిగగానే చేయవలసిన పని నేలను చదును చూచుకొనుట. చక్రముల క్రింద చెక్కలు పెట్టి బండి ఏ ప్రక్కకును ఒరుగకుండ సరిచేయుదురు. పడుకొన్నవారు దొర్లిపోకుండుటకే యిది అని పిల్లలు తలంతురు. వేరొక కారణమును కలదు. చాల బండ్లలో ఆహారము చల్లబరచు పెట్టె విద్యుత్తుతో గాక గ్యాసు మంటతో పనిచేయును. మంట వేడిమికి అమోనియా ఆవిరియై, మరల ద్రవమై, గొట్టములలో తనంత తాను పల్లమునకు జారుచు చల్లదనము కలిగించును. బండి ఒరిగినచో ఆ ప్రవాహము ఆగిపోవును. మంటతో చల్లబరచు ఈ యంత్రమును 1922లో స్వీడను దేశమున ఇద్దరు విద్యార్థులు, ప్లాటెన్, మున్‌టెర్స్ అనువారు, కనిపెట్టిరి. విద్యార్థి దశలో చేసిన పని నూరేండ్ల పిమ్మటను కొండల మీద పాలు విరిగిపోకుండ కాపాడుచున్నది.

తరువాతిది నీరు. ఇట్టి బండిలో మంచినీటి తొట్టి సుమారు 40 గ్యాలనులది, అనగా 150 లీటర్లు. నగరములో ఈ లెక్క ఎవ్వరికిని పట్టదు. అమెరికాలో స్నానపు జల్లు నిమిషమునకు రెండున్నర గ్యాలనులకు మించి నీరు విడువరాదని 1992 నాటి శాసనము కట్టడి చేసినది. ఆ లెక్కన పది నిమిషముల స్నానమునకు 25 గ్యాలనులు. ఇద్దరు స్నానము ముగించులోపలనే తొట్టి ఎండిపోవును. మిగిలిన ముగ్గురికి స్నానము లేదు. ఐదుగురికిని వంట లేదు. అందువలన కొండపై స్నానమునకు వేరొక పద్ధతి. ఒడలు తడుపుకొని కొళాయి కట్టవలెను, సబ్బు రుద్దుకొనవలెను, మరల కొళాయి విప్పి కడుగుకొని ముగింపవలెను. ఓడలలో నావికులు చేయునది ఈ స్నానమే.

తల్లిదండ్రులు ఈ నియమమును పిల్లలకు బోధించుచుండగా, నాయనమ్మ చిన్న బకెట్టుతో నీరు పట్టుకొని, చెంబుతో పోసుకొని, ఐదు నిమిషములలో బయటికి వచ్చును. ఖర్చయినది పది లీటర్లకు లోపు.

"ఇదేం పెద్ద విద్యరా? మా ఊళ్లో మంచినీళ్ల చెరువు మైలు దూరం. ఒక్క బిందె ఇంటికి చేరేసరికి నడుం పడిపోయేది. మోసినవాళ్లకు తెలుస్తుంది నాన్నా, ఎంత పోసుకోవాలో," అనును.

అంతవరకు ఆమెను ఈ చలిలో ఎట్లు కాపాడవలెనా యని బెంగపడిన కోడలు, ఆ పూట నుండి నీటి పెత్తనమును అత్తగారికి అప్పగించును. యాత్రలో నీటి విలువ మనవారికి క్రొత్తది కాదు. 1830లో చెన్నపట్టణము నుండి కాశికి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య తన యాత్రా చరిత్రలో మజిలీ మజిలీకి నీటి వసతిని, దొరకు సామగ్రిని వ్రాసిపెట్టెను. మోయవలసి వచ్చినప్పుడే వస్తువు యొక్క తూకము తెలియును.

వచ్చిన నీటికి లెక్క యున్నట్లే పోయిన నీటికిని లెక్క కలదు. పాత్రలు, ఒడలు కడిగిన నీరు ఒక తొట్టిలో, మరుగుదొడ్డి నీరు వేరొక తొట్టిలో బండి అడుగున చేరును. వానిని ఎక్కడబడిన అక్కడ వదలుటకు వీలులేదు. అందుకై కట్టిన గుంట యొద్దకు బండిని తోలుకొనిపోయి, చేతులకు తొడుగులు వేసికొని, గొట్టము తగిలించి, ఇంటి యజమాని స్వయముగా ఖాళీ చేయవలెను. నెలకు లక్షలు సంపాదించు ఇంజనీరైనను, పెద్ద వైద్యుడైనను ఈ పని తప్పదు. అచ్చట ముక్కు మూసికొని వరుసలో నిలుచున్నవారిని చూచి పిల్లలు నవ్వుదురు. కాని ఇది నవ్వి విడువదగిన విషయము కాదు. మన దేశమున తరతరములుగా ఈ మోతను కొన్ని కులములవారి నెత్తిన పెట్టితిమి. దానిని నిషేధించుచు 1993లో ఒకసారి, 2013లో మరియొకసారి చట్టములు చేసికొంటిమి. అయినను మురుగు గుంటలలో దిగి ఊపిరాడక మరణించినవారి వార్తలు ఆ పిమ్మటను పత్రికలలో వచ్చుచునే యున్నవి. తన ఇంటి మలినమును తన చేతితో నాలుగు దినములు మోసినవానికి, ఆ వార్తను ఇక ముందు చదువుటలో భేదముండవలెను.

పలుకు అన్నము

మధ్యాహ్నము వంట. కోడలు బియ్యము కడిగి మామూలు గిన్నెలో ఎసరు పెట్టును. ఎసరు త్వరగానే మరుగును. కాని అన్నము ఎంతకును పలుకు వదలదు. పప్పు బద్దలు బద్దలుగానే తేలుచుండును. మంట పెంచినను ప్రయోజనము లేదు. సముద్రతీరమున నీరు 100 డిగ్రీల వద్ద మరుగును. పైకి పోయిన కొలది గాలి ఒత్తిడి తగ్గుటచే నీరు అంతకంటె తక్కువ వేడికే మరిగిపోవును. ఎనిమిది వేల అడుగుల ఎత్తున ఆ వేడి సుమారు 92 డిగ్రీలు మాత్రమే. మరుగుచున్న నీటికి ఎంత మంట పెట్టినను అది ఆవిరి యగునే గాని అంతకు మించి వేడెక్కదు. మరుగుట వేరు, ఉడుకుట వేరు అను సత్యము భౌతికశాస్త్ర పుస్తకమున ఉన్నదే. ఆకలిగొన్న పిల్లలకు అది పొయ్యి మీద కనబడును. అప్పుడు నాయనమ్మ పట్టుబట్టి తెప్పించిన ప్రెషరు కుక్కరు పెట్టెలో నుండి వెలికి వచ్చును. మూత బిగించి లోపలి ఆవిరిని లోపలనే యుంచినచో, కొండ తీసివేసిన ఒత్తిడిని కుక్కరు తిరిగి యిచ్చును. మూడు కూతలకు పప్పు మెత్తపడును. చుట్టుప్రక్కల బండ్లవారు ఆ కూతలేమో యని తలలెత్తి చూతురు.

పోపు వాసన చెట్ల నడుమ వ్యాపించును. దానితో వేరొక నియమము. ఈ అడవులలో నల్ల ఎలుగుబంట్లు కలవు. వాని ఘ్రాణశక్తి మిక్కిలి గొప్పది. తిండి వస్తువు గాని, ఎంగిలి పళ్లెము గాని, కడకు పండ్లు తోముకొను పేస్టు గాని బయట విడిచి పోరాదు. బండిలో మూసియో, అందుకై పెట్టిన ఇనుప పెట్టెలో బిగించియో యుంచవలెను. మనుష్యుల తిండికి అలవడిన ఎలుగు మరల మరల వచ్చును. మనుష్యులకు భయపడుట మానును. అట్టిదానిని కడకు అధికారులు చంపవలసి వచ్చుటయు కలదు. ఒకరు అజాగ్రత్తగా విడిచిన రొట్టెముక్క ఒక మృగము ప్రాణము తీయవచ్చును. దుప్పులకును కొండగొర్రెలకును 75 అడుగులు, ఎలుగులకును మూసు అను పెద్ద కడితికిని 120 అడుగులు ఎడముగ నుండవలెనని వనపాలకుల ఆజ్ఞ. గురజాడ దాటిన గ్రామమున పశువులను నిమిరి పెరిగిన నాయనమ్మకు ఈ దూరము మొదట వింతగా తోచును. అడవి గొడ్డుకు చేయవలసిన మర్యాద దూరమేయని ఆమె త్వరలోనే గ్రహించును.

విద్యుత్తునకును ఇట్టి లెక్కయే. 12 వోల్టుల బ్యాటరీ 100 ఆంపియరు గంటలదైనచో అందు నిల్వయుండునది 1,200 వాటు గంటలు. ఐదు వాట్ల దీపము దానితో 240 గంటలు వెలుగును. వేయి వాట్ల మైక్రోవేవు పొయ్యి ఆ నిల్వనంతయు ఒక గంట పండ్రెండు నిమిషములలో మ్రింగివేయును. లెక్క ప్రకారము ఇట్లు. వ్యవహారములో ఇంకను తక్కువ. జనరేటరును నియమిత వేళలలోనే త్రిప్పవలెను. రాత్రి అడవి నిశ్శబ్దము అందరి సొత్తు. కావున పిల్లలు తమ ఫోనులను ప్రక్కన పెట్టి దీపమునే కోరుకొందురు. లెక్కల ఉపాధ్యాయుడు ఏడాది పొడవున చెప్పిన హెచ్చవేత ఇక్కడ చీకటి పడకముందే అర్థమగును.

మధ్యాహ్నపు ఉరుము

రెండవ దినము పైకి ప్రయాణము. ట్రెయిల్ రిడ్జి అను ఈ దారి 1932లో తెరవబడినది. పొడవు 48 మైళ్లు. అందు 11 మైళ్లు చెట్లు మొలువజాలని ఎత్తున నడచును. శిఖరస్థానము 12,183 అడుగులు. చలికాలమంతయు మంచు మూసివేయు ఈ దారి సాధారణముగా మే నెల చివర తెరచుకొని, అక్టోబరు నడుమ మరల మూతపడును. ఎత్తు వేయి మీటర్లు పెరిగినచో సుమారు ఆరున్నర డిగ్రీల వేడి తగ్గును. డెన్వరులో 34 డిగ్రీల ఎండ కాయుచున్నప్పుడు ఇచ్చట 20 డిగ్రీలు. గాలి వీచినచో శాలువ కప్పుకొనవలెను. గాలి ఒత్తిడి సముద్రతీరమున నుండుదానిలో మూడింట రెండు వంతులకంటెను తక్కువ. నాలుగడుగులు వేయగానే నాయనమ్మకు ఆయాసము వచ్చును. పరుగెత్తిన పిల్లవానికిని తల తిరుగును. ఈ విషయమున కొండ వయస్సును పాటింపదు.

చెట్లు అంతమైన చోట గడ్డియు, నేల నంటి పెరుగు చిన్న పూల మొక్కలును మాత్రమే యుండును. వేసవి ఇచ్చట కొన్ని వారములు మాత్రమే. ఆ కొద్ది కాలములో మొలచి, పూచి, విత్తు కట్టవలెను. 'కొండ ముసలి' యని అచ్చటివారు పిలుచు పసుపుపచ్చని పువ్వు మొక్క పెక్కు సంవత్సరములు బలము కూడబెట్టుకొని, ఒక్క వేసవిలో ఒక్కసారి పూచి చనిపోవును. దాని పూలు తూర్పునకే తిరిగి యుండుటచే దారి తప్పినవారికి దిక్కు తెలియును. ఇట్టి నేలను బూటు కాలితో త్రొక్కినచో తిరిగి కోలుకొనుటకు తరములు పట్టును. అందువలన కట్టిన బాట విడిచి అడుగు వేయరాదు.

రాళ్ల నడుమ కీచుమను ధ్వని వినబడును. కుందేలు జాతికి చెందిన పైకా యను గుప్పెడంత జంతువు అది. నోటినిండ గడ్డియు పూలును కరచుకొని రాళ్ల సందులకు పరుగిడి, వానిని ఎండుటకు పరచి, వామి వేసికొనును. పొరుగున నుండు మార్మోటు వేసవియంతయు తిని క్రొవ్వి, చలికాలమంతయు నిద్రించును. పైకాకు ఆ నిద్ర లేదు. మంచు క్రింద మేల్కొని యుండి తాను దాచిన గడ్డియే తినవలెను. చక్రాల ఇంటివారు వేసవికై కొండకు వచ్చిరి. పైకా వేసవిలో శీతకాలమునకై పనిచేయుచున్నది. ఒకరికి సెలవు, ఒకరికి సేద్యము.

పడమట కనబడు మంచు శిఖరములకు 'నెవర్ సమ్మర్' అని పేరు. వేసవి లేని కొండలని అర్థము. ఆ పేరు అరపహో జాతివారి భాష నుండి వచ్చినది. ఈ కొండలలో వేసవి గడపుట మోటారు బండ్లతో మొదలు కాలేదు. యూట్ జాతివారును అరపహోలును ఎండకాలమున వేటకై ఈ గట్టులు దాటెడివారు. నేటి దారికి చేరువలోనే వారి కాలిబాట యున్నది. అరపహోల ఇల్లును కదలు ఇల్లే. గుడారము నిలుపు గడకఱ్ఱలనే విప్పి, కుక్కలకు, పిదప గుఱ్ఱములకు పూన్చి, సామాను వానిపై కట్టి ఈడ్పించెడివారు. నిలిచినప్పుడు దూలములు, నడచినప్పుడు బండి. 1878లో ఉత్తర అరపహోలను వయోమింగు ప్రాంతమున విండ్ రివర్ అను చోట కుదిర్చిరి. వనము ఏర్పడుటకు ముందటి సంవత్సరము, 1914 వేసవిలో, పర్వతారోహణ సంఘమువారు ఇద్దరు అరపహో వృద్ధులను రప్పించి, ఈ కొండలకు, ఏరులకు వారి పూర్వులు పెట్టిన పేర్లను అడిగి వ్రాసికొనిరి. మనుష్యులను పంపివేసి పేర్లను పిలిచి తెచ్చుకొనిన చరిత్ర యిది. చక్రాల ఇంటిలో వచ్చువారు చదువవలసిన చరిత్రయే.

పగలు రెండు గంటలగుసరికి తెల్లని మబ్బు నల్లబడును. జులై, ఆగస్టు నెలలలో మధ్యాహ్నపు ఉరుములు ఇచ్చట నిత్యకృత్యము. చెట్టు లేని గట్టుపై మనిషియే ఎత్తైన వస్తువు. పిడుగునకు అతడే గురి. తెలిసినవారు ఉదయమున ఎక్కి మధ్యాహ్నమునకు ముందే దిగుదురు. బరువైన బండిని దింపుటయు ఒక విద్య. ఎడతెగక బ్రేకు త్రొక్కినచో అది వేడెక్కి పట్టు కోల్పోవును. చిన్న గేరులో పెట్టి, ఇంజను చేతనే బండిని ఆపుకొనుచు మెల్లగా దిగవలెను.

ఇరుగు పొరుగు

సాయంకాలము నిప్పు చుట్టు కూర్చున్న వేళ ఇరుగుపొరుగు పరిచయమగును. మొదట వచ్చి పలుకరించునది విడిది చూచుకొను వృద్ధ దంపతులు. ఉద్యోగము విరమించి, సొంత ఇల్లు అమ్మివేసియో, అద్దెకిచ్చియో, చక్రాల ఇంటిలోనే కాపురముండి, వేసవి నెలలు విడిదిని కనిపెట్టి యుండువారు అమెరికాలో పెక్కుమంది. జాగా అద్దె లేకుండుటయే చాలచోట్ల వారికి ముట్టు ప్రతిఫలము. పలకలు తుడుతురు; వచ్చినవారికి దారి చూపుదురు; రాత్రి పది దాటిన పిదప పాటలు పాడువారిని మెల్లగా మందలింతురు.

అందరికిని ఇది వేడుక కాదు. 2008 నాటి ఆర్థిక పతనమున ఇండ్లు పోగొట్టుకొని, ఇల్లు అద్దెకు తీసికొనజాలక, బండిలోనే బ్రతుకు వెళ్లబుచ్చుచు, ఋతువుననుసరించి కూలికై ఊరూర తిరుగు వృద్ధులను గూర్చి జెసికా బ్రూడర్ అను పత్రికా రచయిత్రి 2017లో 'నోమాడ్‌లాండ్' అను గ్రంథము వ్రాసెను. దాని ఆధారమున తీసిన చిత్రమునకు 2021లో ఆస్కారు ఉత్తమ చిత్ర బహుమానము లభించినది. జాతీయ అరణ్యములలో ఒక చోట సాధారణముగా 14 దినములకు మించి నిలువరాదు. సెలవునకు వచ్చినవానికి 14 దినములు చాల ఎక్కువ; వేరే ఇల్లు లేనివానికి అది ఇంటి నుండి వెళ్లగొట్టు గడువు. ఒకే విధమైన రెండు బండ్లు ప్రక్క ప్రక్కన నిలిచి యుండును. ఒకదానిలోనివారు ఆదివారము ఇంటికి పోవుదురు. రెండవదానిలోనివారు ఇంటిలోనే యున్నారు.

పైకెక్కుడు

నాలుగవ దినము తిరుగు ప్రయాణము. బల్ల తుడిచి, బూడిదపై నీరు చల్లి చేతితో తాకి చల్లారెనని చూచుకొని, నేలపై బడిన కాగితపు ముక్కలను పిల్లలచే ఏరించి, చెక్కలు తీసి బండి కదలింతురు. వారు అక్కడ నాలుగు దినములున్న గురుతు మిగులరాదు. అది విడిది మర్యాద. బండి మరల బిగ్ థాంప్సను లోయలో దిగును. మరల ఆ పలక కనబడును. ఈసారి తండ్రి చెప్పక తప్పదు.

1976 జులై 31, శనివారము. మరునాటితో కొలరాడో రాష్ట్రమేర్పడి నూరేండ్లు నిండును. ఉత్సవపు సెలవులకు వచ్చినవారితో లోయ నిండి యుండెను. ఏటి ఒడ్డున గుడారములు, బండ్లు, విడిది గృహములు. సాయంకాలము లోయ ఎగువ భాగమున ఒక మేఘము కమ్ముకొనెను. పైగాలులు బలహీనముగ నుండుటచే అది ఎటును కదలక అచ్చటనే నిలిచి కురిసెను. నాలుగు గంటలలో కొన్ని చోట్ల పది మొదలు పండ్రెండు అంగుళముల వాన పడినది. దిగువనున్నవారిలో పలువురికి తలపై పెద్ద వాన లేదు. చీకటిలో ఇరుకు లోయ గుండ నీరు గోడవలె వచ్చెను. ఇండ్లు, వంతెనలు, దారి, బండ్లు కొట్టుకొనిపోయెను. 144 మంది మరణించిరి. పిదప విచారించినవారికి తేలినది ఇది: బండ్లలో కూర్చుండి వరదకంటె వేగముగా లోయ దాటవలెనని చూచినవారిలో పెక్కుమంది దక్కలేదు, బండి విడిచి, సామాను విడిచి, చీకటిలోనే గట్టు నెక్కినవారు దక్కిరి. కొన్ని గజములు పైకెక్కినను చాలి యుండెడిది. ఆ పలకలు అప్పటి పాఠమే. 2013 సెప్టెంబరులో మరల వరద వచ్చి ఈ దారిని తెంచివేసెను.

చక్రాల ఇల్లు నీటిని కొలిచి వాడుట నేర్పును. వెలుగును లెక్కించుట నేర్పును; మలినమును తానే మోయుట నేర్పును. ఇవన్నియు ఉంచుకొను విద్యలు. ఆ లోయ నేర్పునది విడిచిపెట్టు విద్య. ఆ విద్యకు అభ్యాసము చేయుటకు వ్యవధి దొరకదు. లక్షల డాలర్ల బండి, అందలి పడకలు, పొయ్యి, అలమర, ఇంకను అప్పు తీరని వస్తువులు. వానిని విడిచి ఉత్త చేతులతో గట్టెక్కుటకు ఒక్క నిమిషములో మనస్సు ఒప్పుకొనవలెను. ఇంటికి చక్రములున్నవి గదా, పారిపోవచ్చునను ధైర్యమే ఆ రాత్రి పలువురిని ముంచినది.

కథ ముగియుసరికి బండిలో ఎవ్వరును మాటాడరు. ఏరు ప్రక్కన బండల మీదుగా గలగలలాడుచు పారుచునే యుండును.

"అంటే, నీళ్లొస్తే అన్నీ వదిలేసి ఎక్కాలన్నమాట," అని పిల్లవాడు మెల్లగా అనును.

నాయనమ్మ బదులు పలుకదు. వంగి, పీఠము క్రింద నున్న చెప్పులను వెదకి తీసి, కాళ్లకు తొడుగుకొనును.